కోటిలింగం గారి ఆకాకర పాదు

"స్వామీ, కాయని తీగను ఎన్నాళ్ళని పాదులో ఉంచుకోవాలి?" అని కోటిలింగం గారు, తమ ఇంటికి వచ్చిన గురువుగారిని అడిగినప్పుడు ఆయన కోడలు హైమావతి మంచినీళ్ళ చెంబుతో అక్కడే నిలబడి ఉంది. అడిగింది తీగ గురించి కాదని ఆమెకు తెలుసు. పెళ్ళయి ఆరేళ్ళయినా కడుపు పండలేదని ఆమెను పుట్టింటికి పంపేసి, కొడుక్కి వేరే సంబంధం చూడాలని ఇంట్లో నిశ్చయమైపోయింది. గురువుగారి చేత ఊఁ అనిపించుకోవడమే తరువాయి. మనిషి ఎదురుగా ఉండగానే ఆమెను తీగ అనడానికి అంత పెద్దమనిషికి నోరెలా వచ్చిందో! హైమావతికి ఒళ్ళు మండిపోయింది.

గురువుగారైన బోధానందుల వారికి ఒక అలవాటుంది. ఎవరైనా డొంకతిరుగుడుగా అడిగితే, ఆయన ఆ మాటను ఉన్నదున్నట్టే తీసుకుంటారు.

"ఏదీ ఆ తీగ? చూపించు" అని లేచారు.

కోటిలింగం గారు తెల్లబోయారు. కానీ పెరట్లో నిజంగానే కాయని తీగ ఒకటుంది. ఊరందరూ బీర, పొట్ల పాకించుకుంటే, ఆయన మాత్రం ముచ్చటపడి కొండ మీంచి గడ్డ తెప్పించి ఆకాకర నాటుకున్నారు. పందిరి నిండా పసుప్పచ్చని పూలు. కాయ మాత్రం ఒక్కటీ లేదు. గురువుగారు ఒక పువ్వును వంచి చూశారు. దాని కింద నూగునూగుగా చిన్న పిందె ఉంది. అలాంటి పిందెలే పండుబారి నేలంతా రాలి ఉన్నాయి.

"పాపం, పిందె వేస్తూనే ఉందిగా. దీనికి నువ్వేం చేశావు?"

"చేయనిదేముంది స్వామీ! ఎరువు మార్చాను. దిష్టి తగిలిందేమోనని పందిరికి పాతచెప్పు కట్టాను. చివరికి గొడ్డలి చూపించి బెదిరించాను కూడా."

"ఆకాకరలో ఆడతీగ వేరు, మగతీగ వేరు. ఇది ఆడది. మగతీగ ఏదీ?"

"దాని మాటే తోచలేదు స్వామీ."

హైమావతి ఇక ఆగలేకపోయింది. మందులు మింగింది తను, ఉపవాసాలున్నది తను, తడిబట్టలతో ప్రదక్షిణాలు చేసింది తను.

"డాక్టరమ్మ ఆయన్ని కూడా పరీక్షకు తీసుకురమ్మంది మామయ్యగారూ. మా వంశంలో మగాళ్ళకు లోపమేమిటని మీరే కదా కసిరి పంపారు!"

"నువ్వు లోపలికెళ్ళమ్మా" అన్నారు కోటిలింగం గారు, ముఖం కందగడ్డ చేసుకుని. హైమావతి కదల్లేదు. ఆయన గురువుగారి వైపు తిరిగి, "అయితే ఈ తీగను పీకేయమంటారా, వద్దంటారా? అది చెప్పండి స్వామీ" అన్నారు.

"పీకెయ్యి నాయనా. దీని చోట ఇంకో ఆడతీగ తెచ్చి నాటు. ఆ తర్వాత దాన్నీ తిడుదువుగాని" అన్నారు బోధానందులు.