రాజుగారి బొటనవేలి గాడి

ఆశ్వయుజం వానలకు చెరువు గట్టు తెగి ఊళ్లోకి నీళ్లొచ్చాయి. గట్టు బాగుచేయించాల్సిన దివాను రంగపతి, "ఆషాఢంలో ప్రభువులతో పాటే నాకూ విషజ్వరం వచ్చింది, నెలరోజులు మంచం దిగలేదు" అని చెప్పి, తప్పంతా తూము కాసే లచ్చన్న మీదికి నెట్టాడు. లచ్చన్నకు కొరడా దెబ్బలు ఖాయమయ్యాయి.

లచ్చన్న బావ గురవన్న రాజుగారి మంగలి. మర్నాడు గోళ్లు తీస్తూ రాజుగారి బొటనవేలు చూపించాడు.

"ప్రభూ, పెద్ద జ్వరంలో గోరు పెరగడం ఆగిపోతుంది. మళ్లీ మొదలైనప్పుడు ఇదిగో, ఇలా అడ్డంగా గాడి పడుతుంది. మూడు నెలల్లో తమ గాడి గోరు మధ్యకొచ్చింది. దివానుగారి గోళ్లు మాత్రం అద్దాల్లా ఉన్నాయి."

పక్కనే ఉన్న దివాను ఏమాత్రం తడుముకోలేదు. "నా గాడి చివరిదాకా పెరిగిపోయింది. పోయిన వారం నువ్వే కత్తిరించావు కదరా!"

గురవన్న చేతులు కట్టుకున్నాడు. "చిత్తం. చివరిదాకా రావాలంటే ఆరు నెలలు పడుతుందండీ. అంటే తమరికి జ్వరం ఉగాదికే వచ్చుండాలి. ఆనాడు విందులో ముప్ఫై బూరెలు తిన్నది మరెవరో!"

రాజు తన బొటనవేలు ఒకసారి, దివాను బొటనవేలు ఒకసారి చూశాడు. లచ్చన్న కోసం తీసిన కొరడాను ఇటు తెమ్మన్నాడు.