నక్క గీసిన నీళ్ల పటం

ఆ ఎండాకాలం ఎర్రగుట్ట అడవిలో వాగు ఎండిపోయి ఇసుక తేలింది. మడుగులు నెర్రెలు విచ్చాయి. చుక్కల జింక పిల్ల పొద్దుటి నుంచి లేవలేదు. తల్లికే గుక్కెడు నీళ్లు లేకపోతే పిల్లకు పాలెక్కడివి?

ఆ సంగతి తెలిసి గద్దా, అడవిపందీ వేరువేరుగా తాము చూసిన నీటి చెలమ గురించి చెప్పడానికి బయల్దేరాయి. దారిలో నక్క అడ్డం తగిలింది. అడవి పెద్దరికమంతా తనకే రాసిచ్చినట్టు తిరుగుతుందది.

"నాకు చెప్పండి. బండ మీద పటం గీస్తాను, అందరూ చూసుకుని పోతారు" అంది.

"పడమటికి రెండు కూతవేట్లు" అంది గద్ద.

"తూర్పుకి ఒక్క కూతవేటు" అంది పంది.

నక్క బండ నడిమధ్య బొగ్గుతో తన బొరియ గీసింది. కూతవేటుకు పంజా వెడల్పు చొప్పున కొలిచి అటొక గులకరాయి, ఇటొక గులకరాయి పెట్టింది. ఎక్కణ్నుంచి అని అడగాలని తోచనే లేదు. లోకం తన గుమ్మం ముందే మొదలవుతుందనుకునే రకం మరి! గద్దా, పందీ తమ దారిన పోయాక, పటం చూడ్డానికి వచ్చిన జింకతో అంది:

"రెండు చెలమలు! తూర్పుది మీ అందరిదీ. పడమటిది నాది, గీసినందుకు కూలి. మీ దాంట్లో నేను మూతి పెట్టను, నా దాంట్లో మీరు పెట్టకూడదు. సరేనా?"

జింకకు బేరమాడే ఓపికెక్కడిది? సరేనని, పిల్లను ఎలాగో లేపి మూతితో నెట్టుకుంటూ తూర్పుకి నడిచింది. అక్కడ కాలిన రాళ్లు తప్ప ఏమీ లేవు. పడమటికి పోయిన నక్కకు ముళ్లపొదలు దొరికాయి. రెండూ బండ దగ్గరికే తిరిగొచ్చాయి. పిల్ల మోకాళ్ల మీద కూలిపోయింది.

"నా బిడ్డ దక్కేలా లేదు తాతా!" అని జింక బండ నీడలో ఉన్న తాబేలు ముందు ఏడ్చింది.

తాబేలు పటం చూసి, గద్దనూ పందినీ పిలిపించింది. "గద్దక్కా, పడమటికి అన్నావు, ఎక్కణ్నుంచి?"

"ఇంకెక్కణ్నుంచి తాతా, నా బూరుగు చెట్టు నుంచి."

"నువ్వో, పంది మామా?"

"నా బురదగుంట నుంచి."

"ఇద్దరూ నిజమే చెప్పారు. ఎవరింటి నుంచి వాళ్లు చెప్పారు, అంతే" అంటూ తాబేలు బొరియ గీతను చెరిపేసింది. అందరికీ కనబడే ఎర్రగుట్టను మధ్యలో గీసి, దానికి తూర్పున బూరుగు చెట్టునూ, పడమట బురదగుంటనూ ఎంత దూరమో అడిగి గుర్తు పెట్టింది. వాటి దగ్గర్నుంచి మళ్లీ కొలిస్తే రెండు గులకరాళ్లూ ఒక్క చోటే పడ్డాయి.

"చెలమ ఒక్కటేనర్రా! పదండి."

నీళ్లు కనబడగానే నక్క అందరినీ తోసుకుంటూ ముందుకురికింది. "తప్పుకోండి, గద్ద చెప్పిన చెలమ నాది!"

"ఇది పంది చెప్పిన చెలమ కూడా కదా బావా? మా దాంట్లో మూతి పెట్టనన్నావు" అంది జింక.

"రెండూ ఒకటేగా!"

"మరి రెండని గీసిందెవరు?"

నక్క నీళ్ల వైపు మూతి చాచబోతే జింక అడ్డం నిలబడింది.

"నా బిడ్డ ప్రాణం పోతుంటే నీ కూలి చూసుకున్నావు. అయినా నీకు నీళ్లు లేవనను. చివర్న నిలబడు."

పిల్ల కడుపునిండా తాగి లేచి నిలబడింది. ఆ తర్వాత పంది దిగి, పొర్లి, తీరిగ్గా లేచింది. మిగిలిన బురదనీళ్లు నక్క కళ్లు మూసుకుని తాగింది.

నీతి: పక్కవాడి లెక్కను మన లెక్కలో కలుపుకునే ముందు, వాడు ఎక్కణ్నుంచి లెక్కపెట్టాడో అడగాలి.