గుమ్మం దగ్గరి చాప

ఒక్క మాట దగ్గర కృపావరం కలం ఆగిపోయింది.

అతను ఆ పల్నాటి పల్లెలో, పాస్టరు గారి కింద సంఘాన్ని చూసుకునే ఉపదేశి. ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలంలో, నాలుగో ఆదివారం సాయంత్రం, దావీదు రాజు తన పాపానికి ఏడుస్తూ పాడిన యాభై ఒకటో కీర్తన మీద ధ్యాన ప్రసంగం చెయ్యాలి. చుట్టుపక్కల ఐదు పల్లెల సంఘాలు వస్తాయి. ఆ ధ్యానం పెద్దలకు నచ్చితే వచ్చే జూన్‌లో అతన్ని పాస్టరు చదువుకు పంపాలని వాళ్ళ ఆలోచన.

అందుకని శ్రమకాలం మొదటి రోజు, బూడిద బుధవారం నాడే మొదలుపెట్టి పదకొండు పేజీలు రాశాడు. దావీదు పాపం మీద నాలుగు పేజీలు, దావీదు కన్నీళ్ళ మీద ఏడు. తిరిగి చదువుకుంటే తనకే కళ్ళు చెమర్చాయి. కళ్ళు చెమర్చినందుకు కాస్త సంతోషం కూడా కలిగింది.

ఒక్క మాట మాత్రం లొంగలేదు. నీ ఎదుటి నుంచి నన్ను వెళ్ళగొట్టొద్దని దావీదు దేవుణ్ణి బతిమాలుకుంటాడు. దాని కింద ఏం రాసినా బడిపిల్లలకు చెప్పే పాఠంలా ఉంటోంది. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ కొట్టేశాడు.

శనివారం పొద్దున కాగితాలు పట్టుకుని బర్నబా అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు.

అయ్యగారు ఆ సంఘానికి ఇరవై ఆరేళ్ళుగా పాస్టరు. కిందటేడు ఉగాది వెళ్ళగానే తుంటి ఎముక విరిగి గుంటూరులో కూతురింట్లో ఉండిపోయి, పది రోజుల కిందటే చేతికర్రతో తిరిగొచ్చారు. ఆయన లేని పదకొండు నెలలూ సంఘాన్ని నడిపింది కృపావరమే. నెలకోసారి పక్క ఊరి పాస్టరు వచ్చి అప్పం, ద్రాక్షారసం పంచే సంస్కారం ఇచ్చి వెళ్ళేవాడు. మిగతా ప్రార్థనలు, తగాదాలు, సమాధి కార్యక్రమాలు అన్నీ ఇతని చేతి మీదుగానే జరిగాయి. బాగా నడిపాడని అందరూ అన్నారు. అతనూ అదే అనుకున్నాడు.

అయ్యగారు నులకమంచం మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు.

"అయ్యగారూ, ఈ ఒక్క మాట అందటం లేదండి. రాజంతటివాడు, వెళ్ళగొడతారేమోనని అంత భయపడటం ఏంటండీ?"

ఆయన కాగితాలు అందుకోలేదు. "నీకెప్పుడూ ఆ భయం కలగలేదా?"

కృపావరం నిజంగానే ఆలోచించాడు. "లేదండి. పుట్టినకాణ్ణుంచీ గుళ్ళోనే పెరిగాను. నన్నెవరు వెళ్ళగొడతారండీ?"

"లేయమ్మ గుమ్మం దగ్గర కూర్చుంటోందేం?" అన్నారు అయ్యగారు.

ఈ ప్రశ్న ఎందుకొచ్చిందో కృపావరానికి అర్థం కాలేదు. "ముసలమ్మ గదండీ. గాలి కోసమేమో."

అయ్యగారు ఇంకో చిక్కుడుకాయ తీసుకుని తుంచారు. "సరే. నువ్వడిగిన మాటకు అర్థం రేపు చెబుతాను."

"సాయంత్రమే ధ్యానం గదండీ."

"పొద్దున్నే చెబుతాలే."

మర్నాడు సంస్కారపు ఆదివారం. బలిపీఠం మీద శ్రమకాలపు ఊదా గుడ్డ పరిచారు. ఆడవాళ్ళెవరూ పూలు పెట్టుకోలేదు. పాట మొదలవగానే మగవాళ్ళ మొదటి వరస లేచి, చెక్క కమ్మీ ముందు నాపరాళ్ళ మీద మోకరించింది. కృపావరం ఎప్పటిలాగే నడిమధ్యన మోకరించి, ఎడమ అరచెయ్యి మీద కుడి అరచెయ్యి పెట్టి చాచాడు.

అయ్యగారు ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేస్తూ అప్పం ఇస్తూ వస్తున్నారు. ఎడమ పక్కనున్న సంఘపెద్ద శామ్యూలుకు ఇచ్చారు. తరవాత ఆయన చెయ్యి కృపావరం అరచేతుల మీదుగా వెళ్ళి, కుడి పక్కనున్న మనిషికి అప్పం పెట్టింది.

పాపం అయ్యగారికి చూపు మందగించిందనుకున్నాడు కృపావరం. చేతులు ఇంకాస్త పైకెత్తాడు.

ద్రాక్షారసం గిన్నె వచ్చింది. అదీ అతన్ని దాటేసింది. ఈసారి అయ్యగారు ఆగి, వంగి, అతని కళ్ళలోకి సూటిగా చూశారు. ఆ చూపులో కోపం లేదు. మందగించినట్టూ లేదు.

కృపావరానికి ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏం చేశాను? ఎవరేం చెప్పారు? పాటలో ఒక్కొక్క గొంతే తగ్గిపోతోంది. అందరూ చూశారు. శామ్యూలు నోట్లో పెట్టుకున్న అప్పం మింగటం కూడా మర్చిపోయి అతని వంకే చూస్తున్నాడు.

వరస లేచింది. ఎప్పుడూ కూర్చునే ముందు బల్ల దగ్గరికి వెళ్ళటానికి అతనికి కాళ్ళు రాలేదు. బయటికి పోదామని తలుపు వైపు నడిచాడు. అంత పొడుగు గుడి అతనెన్నడూ నడవలేదు. గుమ్మం దగ్గరికి వచ్చి గోడ పట్టుకున్నాడు.

అక్కడ పాత చాప మీద కూర్చున్న లేయమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.

"కూకోండయ్యా. మొదటిసారి అట్టాగే ఉంటది. తల కిందికేసుకుంటే ఎవరి మొకాలూ కనపడవు."

అతను కూలబడ్డాడు. ఆ మాట అర్థం కావటానికి కాసేపు పట్టింది.

"నువ్వెందుకమ్మా ఇక్కడ?"

ముసలామె అతన్ని వింతగా చూసింది. "మీరు కూకోమన్నారు గదయ్యా."

"నేనా?"

"గేదె మెడకు తాడు కట్టాననీ..." గొంతు తగ్గించింది. "పాలియ్యట్లేదు, ఎవరో జెబితే మంత్రించిన నల్లతాడు తెచ్చి కట్టా. తప్పే అది. మూడు నెలలు సంస్కారం లేదు, గుమ్మం కాడ కూకో, ఆ తరవాత మేమే పిలుస్తామన్నారు మీరు."

కృపావరానికి అంతా గుర్తొచ్చింది. మామిడికాయల రోజులు. సంఘం పగ్గాలు చేతికొచ్చి నెల కూడా కాలేదు. గేదె మెడలో తాడు గురించి అరగంట గట్టిగా మాట్లాడాడు. సంఘం కమిటీ తీర్మానం తనే రాశాడు. శ్రావణం వచ్చింది, వెళ్ళింది. ఆ తరవాత ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర ఆమెను చూస్తూనే ఉన్నాడు. కళ్ళకు అలవాటైపోయింది.

"తాడు ఆ సాయంత్రమే కోసేశా," అంది లేయమ్మ. "ఆ గేదెను గూడా అమ్మేశానయ్యా. పిలుస్తారని చూస్తన్నా."

"నాకొక్క మాట చెప్పొచ్చు గదమ్మా! పది నెలలు!"

"ఏమని జెప్పను? ఇంకా చాల్లేదేమో అనుకున్నా."

ఆమె గొంతులో నిష్ఠూరం ఉన్నా బాగుండేది. ఇసుమంత కూడా లేదు.

తలెత్తి చూశాడు. ఆడవాళ్ళ వరసలు కూడా అయిపోయాయి. ఈపాటికి అయ్యగారు పళ్ళెం మీద తెల్లగుడ్డ కప్పాలి. కప్పలేదు. కర్ర ఎక్కడో పడిపోయింది. రెండు చేతులా కమ్మీ పట్టుకుని, గుమ్మం వైపు చూస్తూ నిలబడి ఉన్నారు. పాట ఆగిపోయింది. దగ్గటానికి కూడా ఎవరికీ ధైర్యం చాలటం లేదు.

కృపావరం లేచాడు. "రా అమ్మా."

లేయమ్మ కదల్లేదు. "కమిటీలో జెప్పారా?"

అతను జనం వైపు తిరిగాడు. పదకొండు నెలలు గుడంతా మోగిన గొంతు ఆ పూట సగమే వచ్చింది.

"ఈమెకు మూడు నెలలు శిక్ష వేసింది నేను. అది పోయిన శ్రావణంలోనే తీరిపోయింది. పిలవటం మర్చిపోయాను. తప్పు నాది."

ఆడవాళ్ళలో ఎవరో "అయ్యో దేవుడా" అన్నారు. శామ్యూలు తల వంచుకున్నాడు. ఆ తీర్మానం కింద మొదటి సంతకం అతనిదే. గుళ్ళో ఉన్న ప్రతి ఒక్కరూ ప్రతి ఆదివారం ఆ చాప పక్కనుంచే లోపలికొచ్చారు.

లేయమ్మ కొంగుతో అరచేతులు రెండుసార్లు తుడుచుకుని లేచింది. అతను చెయ్యి పట్టుకుని నడిపించాడు. ఇద్దరూ పక్కపక్కన మోకరించారు.

పళ్ళెంలో మూడు అప్పాలు ఉన్నాయి.

అయ్యగారు ఒకటి లేయమ్మ చేతిలో పెట్టారు. ఒకటి కృపావరం చేతిలో పెట్టారు. మూడోది తాను తీసుకున్నారు. ఎప్పుడూ అందరికంటే ముందు తీసుకునే మనిషి, ఆ రోజు అప్పటిదాకా తీసుకోలేదు.

సాయంత్రానికి ఐదు పల్లెల జనం వచ్చారు. లోపల చాలక కిటికీల దగ్గర కూడా నిలబడ్డారు. పదకొండు పేజీలూ కృపావరం చొక్కా జేబులోనే ఉన్నాయి, బయటికి తియ్యలేదు. కీర్తన చదవటం మొదలుపెట్టాడు. చదువుతూ చదువుతూ ఆ మాట దగ్గరికి వచ్చాడు.

నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. పుస్తకంలో అక్షరాలు అలుక్కుపోయాయి. జనం ఎదురుచూశారు. పక్క ఊరి పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఆడవాళ్ళ వైపు, మొదటి వరసలోంచి, ఒక్క అక్షరమ్ముక్క రాని లేయమ్మ అతనికి అందించింది.

"నన్ను పొమ్మనకయ్యా."

కృపావరం పుస్తకం మూసి అక్కడే మోకరించాడు.

వెనక కుర్చీలోంచి బర్నబా అయ్యగారు కర్ర ఊతంతో లేచారు.

"ధ్యానం అయింది. ప్రార్థన చేద్దాం," అన్నారు.