నీటికుక్క ఇసుకలో ఎందుకు దొర్లుతుంది?

ఒకప్పుడు నీటికుక్కల ఒంటిమీద ఒక్క వెంట్రుకైనా ఉండేది కాదు. తొక్క తీసిన చిలగడదుంపల్లా నున్నగా ఉండేవి.

గోదావరి సముద్రంలో కలిసేచోట, మడచెట్ల వేళ్ల మధ్య వాటి కాపురం. చుట్టూ ఎటు చూసినా నీళ్లే. నీళ్లనిండా చేపలే. కానీ ఏం లాభం? పుష్యమాసం వచ్చిందంటే ఆ నీళ్లు మంచుగడ్డలా అయిపోయేవి. నీటికుక్కలు ఒడ్డున వరసగా కూర్చుని, ఒక్క కాలు ముంచి చూసి, "బాబోయ్!" అని వెనక్కి లాగేసుకునేవి. చేపలు వాటి ముందుకే వచ్చి, తోకలాడించి మరీ పోయేవి.

ఆ నీటికుక్కల్లో తుంపి అని ఒక పిల్ల ఉండేది. దానికి నీళ్లంటే ప్రాణం. వద్దన్నా దూకేది. దూకి, పళ్లు టకటకలాడించుకుంటూ వచ్చేది.

ఒకరోజు అది నేరుగా గోదారమ్మనే అడిగింది.

"గోదారమ్మా! నీ నీళ్లు ఇంత చల్లగా ఉంటే మేం ఎలా బతకాలి? అమ్మకి చేప దొరకడం లేదు. అమ్మ తినకపోతే మా చెల్లి బుల్లికి పాలు రావడం లేదు. అది ఒకటే ఏడుపు."

"చలేస్తే చొక్కా వేసుకోవాలి గానీ, నామీద అలిగితే ఎలాగే?" అని నవ్వింది గోదారమ్మ.

నవ్వి ఊరుకోలేదు. తన ఒడ్డున పెరిగే తుంగ కొసలు తెంపి, సన్నటి వెంట్రుకల్లా చీల్చి, నీళ్లు జారిపోయేలా పైపొర నేసింది. రెల్లుపూల దూది తీసి మెత్తగా లోపొర నేసింది. మెడ నుంచి పొట్టదాకా గవ్వల బొత్తాలు కుట్టింది. ఆ తరవాత మడకొమ్మల్లో ఉయ్యాలూగుతున్న గాలిని పిలిచింది.

"ఏమయ్యా గాలీ, ఈ పొరల మధ్య కాస్త కూర్చోవయ్యా. నువ్వుంటే లోపలికి చలి రాదు."

"కూర్చుంటాను," అన్నాడు గాలి. "కానీ నేను కాస్త సుఖం మరిగినవాణ్ణి. ఉప్పు, బురద, ముక్కిన వాసన ఉన్నచోట నావల్ల కాదు. ముందే చెబుతున్నా."

"విన్నావా తుంపీ?" అంది గోదారమ్మ. "ఆట అయ్యాక చొక్కా విప్పి మంచినీళ్లలో జాడించాలి. నీడలో, గాలి తగిలేచోట ఆరేయాలి. తడితడిగా ఎక్కడా కుక్కకూడదు."

"అలాగే, అలాగే!" అంది తుంపి. ఆ రెండో 'అలాగే' అనేసరికే అది నీళ్లలో ఉంది.

అబ్బ, ఎంత వెచ్చగా ఉందో! చుట్టూ చల్లటి నీళ్లు, లోపల మాత్రం అమ్మ ఒళ్లో పడుకున్నట్టుంది.

గోదారమ్మ పెద్దవాళ్లందరికీ చొక్కాలు నేసిచ్చింది. బుల్లి ఇంకా పాలు తాగే పిల్ల కాబట్టి, కాస్త ఒళ్లు వచ్చాక కుడతానంది.

ఆ రోజు నుంచి తుంపికి ఆటే ఆట. బురదగట్టు మీద నుంచి పొట్టమీద జర్రున జారడం, పాయలోకి దబ్బున పడటం, మళ్లీ ఎక్కడం, మళ్లీ జారడం. ఆకలేస్తే ఇంటికి వచ్చేది. చొక్కా విప్పి, చుట్టచుట్టి, ఉప్పూ బురదా కారుతుండగానే మడవేళ్ల కింద ఒక బొరియలో కుక్కేది. 

పక్క బొరియ ఒక ముసలి పీతది.

"ఒసేయ్ తుంపీ! నా గుమ్మంలో ఏం చచ్చిందే? ఆ కంపేమిటి?"

"చొక్కా, పీత మావా."

"ఆరేసుకోవచ్చు కదే?"

"రేపు మళ్లీ తడిసేదే కదా మావా! ఆరేయడం ఎందుకు?"

పీత కళ్లు అటూ ఇటూ తిప్పి, పక్కవాటుగా నడుచుకుంటూ లోపలికి పోయింది.

చొక్కా మెల్లగా బిరుసెక్కింది. ఉప్పు పేరుకుని వెంట్రుకలు జడలు కట్టాయి. ఒకసారి తుంపికే ఆ వాసన భరించరానిదైంది. దాన్ని పట్టుకెళ్లి మిట్టమధ్యాహ్నం నల్లరాయి మీద పరిచింది. సాయంత్రానికి అది అప్పడంలా పెళపెళలాడింది.

"ఏంటి సూర్యుడు తాతా, ఇలా చేశావ్?"

"నాకు ఎండబెట్టడం ఒక్కటే వచ్చమ్మా," అన్నాడు సూర్యుడు. "ఎంతవరకు అనేది నువ్వు చూసుకోవాలి."

తుంపి దాన్నే ఎలాగో ఒంటికి ఎక్కించుకుని మళ్లీ జారడానికి పోయింది. "ఇక్కడ ఉప్పు గుచ్చుకుంటోంది, నేను వెళ్తున్నానే," అన్నాడు గాలి. కేరింతల్లో ఆ మాట తుంపికి వినపడనేలేదు. గట్టు కింద నీళ్లు లోతులేక ఎండకి కాగి ఉన్నాయేమో, చలీ తెలియలేదు.

ఆ మర్నాడు అమ్మా, తక్కిన పెద్దలూ చేపల కోసం ఎగువకి బయల్దేరారు.

"బుల్లిని చూసుకో. కళ్లు తిప్పకు," అని చెప్పింది అమ్మ.

తుంపి చూసుకుంది. ఒకసారి జారి వచ్చి చూసింది, రెండోసారి జారి వచ్చి చూసింది. ఆ తరవాత జారడంలో పడి చూడటం మరిచిపోయింది.

బుల్లి ఒడ్డున తేలుతున్న ఒక దుంగ ఎక్కింది. ఎక్కి, అక్కలాగే పొట్టమీద పడుకుని జారబోయింది. అప్పుడు ఆటు వేళ. నీళ్లు సముద్రంలోకి తీస్తున్నాయి. దుంగ కదిలింది. కదిలి, పాయ దాటి, నీళ్ల నడిమధ్య ఉన్న ఇసుకతిన్నెకి తగులుకుని ఆగింది.

"అక్కా!"

తుంపి తలెత్తి చూసింది. దూరంగా, తిన్నె మీద, వేలెడంత బుల్లి.

"సముద్రం తాతా! మా చెల్లిని ఇచ్చెయ్!"

"నేను కావాలని తీసుకోలేదమ్మా," అన్నాడు సముద్రం. "ఆటు వేళ ఏది తగిలితే అది నాతో వస్తుంది. ఇప్పుడు పోటు మొదలైంది, నేను పైకి వస్తున్నాను. కాసేపట్లో ఆ తిన్నె మునిగిపోతుంది. తొందరపడు."

"కొంచెం ఆగవా తాతా?"

"ఆగడమే తెలిస్తే నేను సముద్రాన్ని ఎందుకవుతాను?"

తుంపి దూకింది. దూకగానే చల్లటి నీళ్లు చొక్కా లోపలికి జొరబడ్డాయి. ఒళ్లు కొయ్యబారింది. చొక్కా తడిసిన గోనెసంచిలా కిందికి లాగింది. కాళ్లాడించింది, కదలవు. నోట్లోకి నీళ్లు పోయాయి. ఎలాగో పాక్కుంటూ ఒడ్డున పడి, దగ్గి దగ్గి లేచింది.

చొక్కా విప్పి పారేసి ఈదుదామనుకుంది. గవ్వ బొత్తాలు ఉప్పు పట్టి బిగుసుకుపోయాయి. పళ్లతో లాగినా ఒక్కటీ రాలేదు.

"గాలి బాబాయ్!" అని ఏడ్చింది తుంపి. "నామీద కోపం వచ్చిందా? ఒక్కసారి రా బాబాయ్!"

"కోపం కాదే తల్లీ," అన్నాడు గాలి, దాని చెవి పక్కనే. "కూర్చోడానికి చోటేదీ? వెంట్రుకలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి."

"చోటు చేస్తే వస్తావా?"

"చిటికెలో వస్తాను."

తుంపి తిన్నె వైపు చూసింది. మళ్లీ దూకేయమని కాళ్లు తొందరపెడుతున్నాయి. కానీ ఇలాగే దూకితే తనూ ఉండదు, చెల్లీ ఉండదు. అది గిరుక్కున తిరిగి, సముద్రానికి వీపు పెట్టి, ఒడ్డు లోపలికి పరిగెత్తింది.

"అక్కా! వెళ్లిపోకే! అక్కా!" అని తిన్నె మీద బుల్లి గొంతు పగిలేలా అరిచింది.

ఆ అరుపు వీపుకి తగులుతున్నా తుంపి ఆగలేదు. ఇసుకలో మంచినీళ్లు ఊరే చెలమ ఒకటుంది. అందులోకి మెడదాకా దిగింది. ఇటు దొర్లి, అటు దొర్లి, ఒళ్లంతా జాడించింది. తెల్లగా ఉప్పు, నల్లగా బురద కరిగి కారాయి.

ఉప్పు పోయింది. మరి తడో? విప్పి ఆరేద్దామంటే చొక్కా రాదు. ఆరేదాకా కూర్చుందామంటే సముద్రం ఆగదు. చుట్టూ చూసింది. పక్కనే పొడి ఇసుక. దాంట్లో పడి దొర్లింది. ఇసుక తడినంతా పీల్చేసింది. ఒంటికి ఇసుక అంటింది. లేచి గడ్డిలో పడి దొర్లింది. గడ్డి ఇసుకని దులిపేసింది. ఇంక చిక్కులు! పళ్లతో దువ్వింది, గోళ్లతో గీరింది. వీపు మాత్రం అందలేదు.

"పక్కకి తిరగవే," అంది ఒక గొంతు. పీత మావ! పాపం పక్కవాటుగా అంతదూరం పరిగెత్తి వచ్చింది. పటకారుల్లాంటి తన రెండు డెక్కలతో వీపు మీది జడలన్నీ టకటకా విప్పింది. "కదలకు, కదిలితే గిచ్చుతా. ఆ... అయింది, పో!"

వెంట్రుకలు గుబురుగా లేచి నిలబడ్డాయి. గాలి వాటి మధ్యకి సుయ్యిమని దూరి, చిన్నచిన్న బుడగలై కూర్చున్నాడు.

"ఇప్పుడు బాగుందే. పద!"

ఈసారి తుంపి దూకితే నీళ్లు లోపలికి రాలేదు. ఒళ్లంతా వెండిబుడగలతో మెరుస్తూ, బాణంలా దూసుకుపోయింది. అప్పటికి తిన్నె మీద బుల్లి నాలుగు కాళ్లు పట్టేంత చోటే మిగిలింది. కెరటం దాని పొట్టని తాకుతోంది.

"వెళ్లిపోయావనుకున్నా," అంది బుల్లి ఎక్కిళ్ల మధ్య.

"నీకోసమే వెళ్లానే పిచ్చిమొహమా," అని మెడ పట్టి ఎత్తుకుంది తుంపి. వెల్లకిలా తేలుతూ, చెల్లిని తన పొట్టమీది మెత్తటి బొచ్చులో పడుకోబెట్టుకుని, పోటుతోపాటే ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఒడ్డున కూడా దాన్ని వదల్లేదు. ఇద్దరూ ముద్దలా కూర్చుని ఉంటే, పొద్దువాలుతుండగా అమ్మ వచ్చింది.

జరిగిందంతా తుంపే చెప్పింది. తన తప్పుతో సహా చెప్పింది. అమ్మ తిడదామని నోరు తెరిచి, తిట్టలేక, ఇద్దరినీ దగ్గరికి లాక్కుంది.

గోదారమ్మ తుంపి చొక్కా బొత్తాలు విప్పి చూద్దామని చెయ్యి వేసింది. బొత్తాలు లేవు, రాలిపోయాయి. అతుకూ లేదు. చొక్కా చర్మంలోకి వేళ్లు దింపి, ఒంట్లో కలిసిపోయింది.

"నువ్వంత కష్టపడి బాగుచేసుకున్నావుగా! అది ఇంక నిన్ను వదలదులే," అంది గోదారమ్మ.

అది చూసి పెద్దలందరూ, "విప్పడం, వెతుక్కోవడం బాధ తప్పుతుంది," అంటూ చొక్కాలతోనే ఇసుకలో పడి దొర్లారు. వాళ్లవీ ఒంటికి పట్టేశాయి. బుల్లికైతే కుట్టే పనే లేకుండా బొచ్చు దానంతటదే మొలిచింది.

అప్పటినుంచే నీటికుక్క ఉప్పునీళ్లలో ఎంత ఆడినా, మంచినీళ్లు వెతుక్కుని ఒళ్లు కడుక్కుంటుంది. ఒడ్డెక్కిందంటే ఇసుకలో దొర్లుతుంది, గడ్డిలో దొర్లుతుంది, పళ్లతో గోళ్లతో బొచ్చు దువ్వుకుంటుంది. ఆ పనిలో ఉన్నప్పుడు ముక్కు ముందు ఎంత పెద్ద చేప ఎగిరినా సరే, తల తిప్పి చూడదు.