తిప్పయ్య అడిగి పుచ్చుకున్న ఆఖరి వంతు

ఉదయం ఏడు గంటలు. మంచు కురవడం ఆగింది. గాలి లేదు, మబ్బు లేదు.

గడ్డకట్టిన జలపాతం కింద కొండమేక బూదెమ్మ ఒక్కతే నిలబడి ముందుగిట్టతో మంచుగోడను తట్టి చూసింది. ఠంగుమంది. గట్టి మంచు ఠంగుమంటుంది, బోలు మంచు బొద్దుమంటుంది. ఇంకోచోట తట్టింది. అక్కడా ఠంగే. అయినా ఆమె గుండె కుదుటపడలేదు.

ఆ ఏడాది మంచుగోడలెక్కే పోటీలు అయిదు దేశాల కొండల మీద పెట్టారు. ఇది ఆఖరిది. పోటీల కాలమంతా ఎవరూ ఎవర్నీ తినకూడదని కట్టుబాటు. అందుకని మంచుచిరుత, కొండగొర్రె పక్కపక్కనే కూర్చుని వంతు కోసం చూసేవాళ్ళు. చిరుత మాత్రం అప్పుడప్పుడు గుటకలు మింగేది.

మూడో పోటీలో మంచుపెళ్ళ విరిగి బూదెమ్మ కొడుకు పోతన్న పడ్డాడు. ఇంకా కుంటుతూనే ఉన్నాడు. ఆ రోజు నుంచి పిల్లలు ఎక్కుతుంటే ఆమె చూడలేదు. గోడకు వీపు పెట్టి నిలబడి, చెవులతో వింటుంది.

ఇవాళ ఎక్కాల్సింది కూతురు చుక్కి. నాలుగు పోటీలూ కలిపితే చుక్కిదే మొదటి స్థానం. రెండో స్థానం వాళ్ళ కొండవాడే అయిన నక్క తిప్పయ్యది. మొదటి స్థానంలో ఉన్నవాళ్ళు అందరికన్నా ఆఖరున ఎక్కాలని రూలు. బూదెమ్మ దిగులంతా అక్కడే. నిన్న పగలంతా ఇక్కడే కూర్చుని చూసింది. తొమ్మిది దాటగానే ఎండ తూర్పు గుట్ట మీదుగా వచ్చి సూటిగా ఈ గోడ మీద పడింది. పడ్డ కాసేపటికే ఠంగుమన్న మంచు బొద్దుమంది.

రెఫరీ ఎలుగుబంటి దగ్గరికి వెళ్ళింది.

"ఎలుగన్నా, మా పిల్లని ముందు ఎక్కనివ్వు."

ఎలుగు చలికాలమంతా పడుకోవాల్సిన జీవి. పదవి మీద మోజుతో మేలుకుని ఉన్నాడు, అదీ సగమే.

"రూలు రూలేనమ్మా," అన్నాడు ఆవలిస్తూ. "ఇద్దరూ ఒప్పుకుంటే వంతులు మార్చుకోవచ్చు. ఒక్కసారే. మాటిమాటికీ నన్ను లేపొద్దు."

ఆఖరి వంతు ఎవరు పుచ్చుకుంటారు? అనుకుంటూ వెనక్కి తిరిగేసరికి తిప్పయ్య ఎదురొచ్చాడు.

"వదినా, రాత్రి నిద్రపోయినట్టు లేవే."

"లేదు."

"ఎలా పడుతుందిలే. పోతన్న పడ్డప్పటినుంచి నీ మొహం చూడలేకపోతున్నా. చుక్కి నాకు మాత్రం పరాయిదా? ఆఖరి వంతంటే అంతసేపు చలిలో కూర్చోవాలి, కాళ్ళు కొయ్యబారిపోతాయి. ఆ కూర్చునేదేదో నేను కూర్చుంటా. నా వంతులో అది ఎక్కేస్తుంది."

నక్క జాలిపడితే కోడి గూట్లో దూరాలంటారు. బూదెమ్మ అతని కళ్ళలోకి చూసింది.

"నీకేంటి లాభం?"

"పుణ్యం, వదినా."

"సరే," అంది.

ఎలుగు ఒక కన్ను తెరిచి, మంచు మీద వంతుల గీతలు రెండు చెరిపి మళ్ళీ గీసి, ఆ కన్ను కూడా మూసేశాడు.

కాసేపటికి బండ అవతల తిప్పయ్య గొంతు వినిపించింది. వాళ్ళ కొండ తరఫున తాడు పట్టే జడలబర్రె గంగులుతో మాట్లాడుతున్నాడు.

"మేక గిట్ట పడ్డచోటల్లా మెట్టు తెగుతుందిరా గంగులూ. నా గోళ్ళు గీతలే గీస్తాయి. చుక్కి వెనకాల ఎక్కడమంటే నిచ్చెన ఎక్కడమే. కప్పు నాది."

గంగులు నెమరు ఆపలేదు. "నిచ్చెన నిలబడుద్దా?"

"రోజూ తెల్లారకముందే వచ్చి చూస్తున్నాగా. రాయి."

"పగలో?"

"పగలు నక్కలు పడుకుంటాయి. పనీపాటా లేనివాళ్ళు చూస్తారు."

బూదెమ్మకు కోపం రాలేదు. వీడు నిజంగానే ఎండ సంగతి ఎరగడు. ఊరుకుంటే వాడి ఖర్మ. కానీ పోతన్న పడ్డప్పటి చప్పుడు ఆమె చెవుల్లోంచి పోలేదు. ఎవరి బిడ్డ పడ్డా ఆ చప్పుడు అంతే.

బండ చుట్టి వెళ్ళింది.

"తిప్పయ్యా. తొమ్మిది దాటితే ఎండ పడుద్ది. మంచు నిలవదు. ఎక్కకు."

తిప్పయ్య గంగులు వైపు చూసి కన్నుగీటాడు. "ఒప్పుకున్నాక గుబులు పుట్టిందా వదినా?"

"నిజం చెప్తున్నా."

"నేనూ పొద్దున్నుంచి నిజమేగా చెప్తున్నాను."

"పోనీ తట్టి చూసి ఎక్కు. బొద్దుమంటే దిగు."

"తట్టి చూడడం మేకల పద్ధతి. మాది బుర్ర."

ఆమె వెనక్కి వచ్చేసింది. చెప్పాల్సింది చెప్పింది.

చిరుత ఎక్కింది. కొండగొర్రె ఎక్కింది. ఎనిమిదిన్నరకు చుక్కి నడుముకు తాడు కట్టారు. బూదెమ్మ గోడకు వీపు పెట్టింది. ఠంగ్. ఠంగ్. నడుమ ఒక్కచోట చప్పుడు ఆగింది. మళ్ళీ ఠంగ్. చుక్కి చేరినట్టు పైన గంట మోగింది.

తిప్పయ్య తీరిగ్గా లేచాడు. తోక దువ్వుకున్నాడు. అయిదు దేశాల జనానికీ పేరుపేరునా దణ్ణాలు పెట్టాడు. అవి పూర్తయ్యేసరికి గోడ సగానికి ఎండ దిగింది.

చుక్కి తవ్విన మెట్లమీద చకచకా ఎక్కాడు. జనం అబ్బో అన్నారు. అంతలో బొద్దుమంది. బూదెమ్మ వెనక్కి తిరిగింది. ఇన్నాళ్ళకు గోడ వైపు చూసింది.

"దిగరా తిప్పయ్యా!"

"గెలుస్తున్నానని ఏడుపా వదినా? ఇంకో నాలుగు మెట్లే..."

నాలుగు మెట్లూ ఒకేసారి ఊడి కిందికొచ్చాయి. వాటి వెనక దాగున్న నీళ్ళు దుమికాయి. గంగులు కాళ్ళు తన్నిపెట్టి తాడు బిగించాడు, పైనుంచి చుక్కి పళ్ళతో పట్టి లాగింది. తిప్పయ్య తలకిందులుగా, ధార కింద వేలాడాడు.

ఎలుగుకు ఆ సీజన్లో మొదటిసారి రెండు కళ్ళూ తెరుచుకున్నాయి. "ఏమైంది?"

"స్నానం," అన్నాడు గంగులు.

కిందికి దించాక నక్క నక్కలా లేదు, తడిసిన తాడులా ఉంది. బూదెమ్మ ఎండుగడ్డి తెచ్చి ఒళ్ళు రుద్దింది.

"నిజమే చెప్పావే వదినా."

"చెప్పానుగా."

"నీ చోట నేనుంటే చెప్పేవాణ్ణి కాదు. అందుకే నమ్మబుద్ధి కాలేదు."

మోసం చేసేవాడి చెవికి నిజం కూడా మోసంలాగే వినబడుతుంది.

పొద్దుగూకేలోపు తమ కొండ చేరారు. ఇరుకుదారి మొదట్లో బూదెమ్మ పక్కకు తప్పుకుని అందర్నీ ముందు పోనిచ్చింది. కప్పు గెలిచిన చుక్కి, ఒకటి. కుంటుకుంటూ పోతన్న, రెండు. గంగులు, మూడు. గంగులు వీపు మీద గడ్డి కప్పుకుని తుమ్ముతున్నవాడితో, నాలుగు.