పొద్దుటి జాబితా

కడపలో ఒక ధర్మ కంటి ఆసుపత్రి ఉండేది. లెక్కల మాస్టరుగా రిటైరైన ఖాదర్‌వలీ గారు అక్కడి కంప్యూటర్లు చూసుకునేవారు. వరండా చివరి గది ఆయనది. ఆయన దగ్గర ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న ఓబులేసుకు వారం రోజులుగా ఒకటే చికాకు.

కౌంటర్లో రోగులకు చీటీ రాసే ఫారం ఓబులేసు చేసిందే. అందులో డాక్టరు పేరు ఎంచుకునే పెట్టె ఒకటుంది. మొదట్లో ఆ పేర్లు ప్రోగ్రాంలోనే రాసేశాడు. డాక్టరు మారినప్పుడల్లా ప్రోగ్రాం విప్పాల్సి వచ్చేది. తర్వాత ఏ రోజు వచ్చే డాక్టర్ల పేర్లు ఆ రోజు ఆఫీసువాళ్ళే ఎక్కించేలా డేటాబేస్‌లో ఒక టేబుల్, అంటే పట్టిక, పెట్టి, పెట్టె వాటిని అక్కడినుంచి తెచ్చుకునేలా మార్చాడు. అయినా కౌంటర్ నుంచి ఫిర్యాదులు ఆగలేదు. కొందరు డాక్టర్ల పేర్లు కనబడటం లేదట.

"నా ప్రోగ్రాంలో తప్పేం లేదు సార్," అన్నాడు ఓబులేసు. "పొద్దున సర్వర్ లేవగానే టేబుల్ ఒకసారి చదివి పెట్టుకుంటుంది. మాటిమాటికీ టేబుల్‌ను అడిగే పని లేకుండా చేసినా. పేర్లు ఎనిమిదికల్లా ఎక్కించమన్నా. ఆఫీసువాళ్ళు పదికి ఎక్కిస్తే నేనేం చేసేది?"

ఖాదర్‌వలీ ఫ్లాస్కు మూత తిప్పుతూ అడిగారు. "బయట వరండాలో ఎంతమంది ఉండారు?"

"ఇద్దరు సార్." తలెత్తకుండానే చెప్పాడు. లోపలికి వస్తూ చూశాడు కదా.

ఆయన రెండు గ్లాసుల్లో టీ పోసి చేతికిచ్చారు. "ఇచ్చిరా పో."

వరండాలో ఆ ఇద్దరూ లేరు. ఏడెనిమిది మంది వేరేవాళ్ళు ఉన్నారు. ఓబులేసు గ్లాసులు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. మెట్ల దగ్గర ఒక ముసలామె పైట చెంగు ఎడమ కంటికి అదుముకుని ఉంది. కోడలు సంచి భుజానికి తగిలించుకుంటోంది.

"ఎవురికి నాయనా టీ?"

"నీకే అవ్వా. చూపించుకున్నావా?"

"యాడ నాయనా. నిన్నట్నుంచి ఈ కంటికి నల్లగా తెర దిగినట్టుంది. కౌంటర్లో పేరు లేదంట, రెటీనా డాక్టరమ్మ ఈ పొద్దు రాలేదంట. వచ్చే వారం రమ్మన్యారు. బస్సుకు పోతాండాం."

డాక్టరమ్మ కారు దిగడం తొమ్మిదిన్నరకు ఓబులేసే చూశాడు.

గ్లాసులు బల్లమీద పెట్టి, అవ్వ చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ ఉండే మూడో గదికి నడిపించాడు. డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూసింది. చాలాసేపు చూసింది.

"ఈమెను ఇంటికి పంపొద్దు. ఈ రోజే ఆపరేషన్ చెయ్యాల. వారం ఆగింటే చూపు దక్కేది కాదు," అంది.

ఓబులేసు గదికి తిరిగొచ్చాడు. ప్రోగ్రాం తెరిచాడు. సర్వర్ లేచేటప్పుడు జాబితా చదివే లైనును అక్కడినుంచి తీసేశాడు. ఎవరి కోసం ఫారం తెరిచినా అప్పటికప్పుడు చదివేలా, ఫారం లోపల పెట్టాడు. కౌంటర్లో చీటీలు రాసే రమీజాకు ఫోన్ చేశాడు.

"ఒకసారి చూడక్కా."

"ఆ, వచ్చింది. డాక్టరమ్మ పేరు వచ్చింది."

ఫోన్ పెట్టేశాడు.

"సార్," అన్నాడు నెమ్మదిగా, "ఇప్పుడు వచ్చిన ప్రతి మనిషికీ టేబుల్‌ను మళ్ళీ అడుగుతుంది."

ఖాదర్‌వలీ కళ్ళద్దాలు తుడుచుకుంటున్నారు.

"అడగనీ," అన్నారు.