వకీలు లేని సింగన్న

వెనకటికి ఒక రాజ్యంలో ఖైదీ తరఫున వకీలు తప్ప ఎవరూ నోరు విప్పకూడదు. ఫిర్యాదు మాత్రం ఎవరైనా చేయొచ్చు. కోటలోంచి సేనాపతి గుర్రాన్ని దొంగిలించాడని బుట్టలల్లుకునే సింగన్నను అక్కడ చెరసాలలో వేశారు. పేదవాడి కోసం ఏ వకీలూ రాలేదు. సింగన్న భార్య పోలమ్మ ఎంత బతిమాలినా న్యాయాధికారి "ముందు వకీలును తీసుకురా" అని కసిరి పంపేశాడు.

మర్నాడు సింగన్నను సభకు తెచ్చారు. కుంటుకుంటూ వచ్చి నిలబడ్డాడు. వెనకాలే పోలమ్మ వచ్చింది.

"దొరా, నేనూ ఫిర్యాదు చేస్తా. ఈయన గజదొంగ! మేక అరిస్తే నా కొంగు చాటున దాక్కుంటాడు. మా గడప దాటడానికే నా భుజం పట్టుకోవాలి. అలాంటివాడు కోటగోడ ఎక్కి, గుర్రాన్ని చంకనెత్తుకుని అవతలికి దూకేశాడు. ఉరి తీయండి!"

"బుద్ధుందా నీకు?" న్యాయాధికారి మండిపడ్డాడు. "ఈ కాలితో గోడ ఎలా ఎక్కుతాడు? మేకకే జడిసేవాడు గుర్రం జోలికి పోతాడా? ఇతను దొంగ కానే కాదు. వదిలేయండి!"

సంకెళ్లు ఊడాక గానీ న్యాయాధికారికి అనుమానం రాలేదు. "ఇంతకీ నువ్వు మొగుణ్ణి ఉరి తీయించడానికి వచ్చావా, విడిపించుకోవడానికా?"

పోలమ్మ సింగన్న చెయ్యి తీసి తన భుజం మీద వేసుకుంది.

"ఈయన తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు కదా దొరా. అందుకే మీచేత మాట్లాడించాను."